పైకప్పు కింద నేల

మా ఊరి సినిమా హాల్లో నేల టికెట్టంటే
తెరకి ముక్కు ఆనించి చూడడం.
హీరో మొహం కంటే ముందు
అతని ముక్కుపుటాలు కనబడేవి.
మస్కట్‌లో లెక్క తిరగబడింది.
ఒపేరా హౌస్‌లో నేల టికెట్టు
ఆకాశంలో ఉంటుంది.
డబ్బున్నవాళ్ళు కింద కూచుంటారు,
మేం మెట్లెక్కుతాం.

కిటుకు చెప్పింది పారిజాతక్క,
కాలేజీలో నాకు రెండేళ్ళు సీనియర్, బోధన్ పిల్ల.
"ముందే కొనకు. మిగిలిపోయినవీ వాపసొచ్చినవీ
ఆటకి గంట ముందు కిటికీ దగ్గరికొస్తాయి.
కార్డు చూపించు, నవ్వు, కదలకు."
నవ్వడం, కదలకపోవడం
రెండూ ఉచితమే.

టికెట్టుకి మూడు రియాళ్ళు.
పిన్నికి చెబితే రూపాయల్లోకి మారుస్తుంది,
మార్చి గుండె మీద చెయ్యేసుకుంటుంది.
అందుకని నేను చాయ్‌లలోకి మార్చుకున్నాను:
ముప్పై కరక్ చాయ్‌లు.
నెలరోజులు రూవీ బస్టాండు పక్క కొట్టు ముందు
ఏలకుల వాసన మాత్రం తాగుతూ నడిచాను.
వాసనకి డబ్బులడగడు కొట్టు కుర్రాడు.
మూడో వారంలో మాత్రం
"ఒంట్లో బాలేదా?" అన్నాడు, హిందీలో.

బట్టలు ఇంకో పరీక్ష.
అక్క పెళ్ళినాటి వంగపండు రంగు చీర,
పిన్ని హీల్సు, ఒక సైజు పెద్దవి,
ముందు దూది కూరాను.
పాలరాతి మీద టక్కు, టక్కు,
మధ్యలో దూది నిట్టూర్పు.

కిటికీలో ఖల్ఫాన్.
కార్డు మీది ఫొటోనీ నన్నూ రెండుసార్లు చూశాడు.
"ఒక్కటే ఉంది. స్తంభం వెనక.
సగం వేదిక కనబడదు."
తక్కువ ధరకి తక్కువ వేదిక,
ఇందులో మోసమేముంది?
"పర్లేదు" అన్నాను, "మిగతా సగం వింటాను."

కూచున్నాక తెలిసింది
ఆ రాత్రి కథంతా ఎడమ పక్కే జరుగుతుందని.
నాకు దక్కినవి ఒక మంచం, ఒక కిటికీ,
రెండో అంకం దాకా ఎవరూ కూచోని కుర్చీ.
అమ్మాయి వస్తుంది, పాట మధ్యలో
స్తంభంలోకి వెళ్ళిపోతుంది,
రాతిలోంచి పాడుతుంది.
నాకు ఇటాలియన్ రాదు.
అర్థాలు పక్కన తెర మీద పడుతున్నాయట,
అవీ స్తంభమే చదువుకుంటోంది.

కానీ ఒకచోట ఆమె గొంతు పైకి లేచి
దిగలేదు.
మా తాత తెనాలి పందిట్లో
పద్యం చివర రాగం తీస్తే
హార్మోనియం ఆగి ఎదురుచూసేదట.
జనం ఊపిరి మరిచిపోయి
ఆపైన ఒక్కసారిగా అరిచేవాళ్ళట.
ఇన్నాళ్ళూ ఎక్కడ దాక్కుందో ఆ అరుపు,
నా నోట్లోంచి వచ్చేసింది:
"వన్స్ మోర్!"

హాలంతా తిరగలేదు. ఆరు తలలు తిరిగాయి.
పక్క సీటు ముసలాయన, ఒంటినిండా అత్తరు,
అటూ ఇటూ చూసి
దొంగతనం చేస్తున్నవాడిలా
తనూ ఏదో గొణిగాడు, తన భాషలో.
అదే మాటై ఉంటుంది.

ఆమె మళ్ళీ పాడలేదు.
మూడో అంకంలో చచ్చిపోయింది,
స్తంభం వెనకే.
పడ్డప్పుడు ఒక చెయ్యి చాచినట్టుంది,
నాలుగు వేళ్ళు మాత్రం
రాతిని దాటి నా సగంలోకి వచ్చి ఆగాయి.
ఆ నాలుగు వేళ్ళకే నేను ఏడ్చాను.
మిగతా మనిషికి కిందివాళ్ళు ఏడ్చారు,
ఎవరి టికెట్టు కొద్దీ వాళ్ళు.

ఆఖరి బస్సు పోయింది.
హీల్సు చేతిలో, దూది సంచిలో.
ఖురుమ్ రోడ్డు పక్కన షేర్ టాక్సీ కోసం నించుని
చిల్లర లెక్కపెట్టుకున్నాను.

ఎల్లుండి ఆఖరి ఆట.
కుడివైపు స్తంభం వెనకా ఇలాంటి సీటే ఉందట,
అక్కడినుంచి ఎడమ సగం కనబడుతుందని
వెళ్ళేటప్పుడు ఖల్ఫాన్ అన్నాడు.
టాక్సీ పోగా నా దగ్గర
పదకొండు చాయ్‌లున్నాయి.
పిన్నిని అడగాలి.
చాయ్‌లలోనే అడుగుతాను.