ఎక్కడ నిల్చున్నావు

మే నెల, మధ్యాహ్నం రెండు.
కంచరపాలెం మెట్టు దగ్గర
ఎవరింట్లోనో ఫ్రిజ్ వెనకాల కూర్చుని
పళ్ళ మధ్య స్క్రూ పట్టుకునే ఫోనెత్తాను.

"ఊఁ అంటంది గురూగారూ,
ఫ్యాను మాత్రం తిరగట్లేదు."
లాసన్స్ బే నుంచి బంగారినాయుడు.
పోయినేడు వాళ్ళ ఏసీ బిగించింది నేనే.
చంటిదానికి ఒళ్ళంతా చెమటకాయలట,
రాత్రి ఇంటిల్లిపాదికీ జాగారమట.

ఆ ఊఁ వినగానే తెలిసిపోయింది,
ముప్పయ్యేళ్ళుగా వింటున్న మూలుగే.
ఉప్పుగాలి తినని ఇనుము ఈ ఊళ్ళో ఏముంది గనక.
స్క్రూ అరచేతిలోకి ఉమ్మి చెప్పాను:
"కెపాసిటర్ పోయింది. మెయిన్ ఆపు, మూత విప్పు,
వెండి డబ్బాలాంటిది కనిపిస్తుంది, వైర్లు పీకు.
డాబాగార్డెన్స్‌లో అలాంటిదే ఇస్తారు, మూడొందలు.
నేనొస్తే ఇంకో ఐదొందలు దండగ నీకు."
నవ్వాడు. నేనూ నవ్వాను.
నిమిషం కూడా పట్టలేదు.

చెప్పినదాంట్లో తప్పు లేదు.
అదే నన్ను తినేస్తోంది.

నాకు పని నేర్పిన ఖలీల్ మేస్త్రి
మాటలతో ఏదీ నేర్పలేదు.
డాక్‌యార్డు గేటు ఎదుటి ఇరుకు కొట్లో
నా ఎడమ చెయ్యి పెట్టె మీద వాలినప్పుడల్లా
స్క్రూడ్రైవర్ పిడితో కణుపు మీద కొట్టేవాడు.
ఆ చెయ్యి జేబులోకి పోవడం మరిగేదాకా కొట్టాడు.
ఇప్పటికీ మూత తియ్యగానే
అదే వెళ్ళి జేబులో కూర్చుంటుంది, నన్నడగదు.
కుడిచెయ్యి ముందు డబ్బాలో మిగిలింది దించుతుంది,
మీటరు పెట్టి చూస్తుంది,
ఆ తర్వాతే ముట్టుకుంటుంది.
ఇవన్నీ చేతులకు తెలుసు.
ఫోన్లో మాట్లాడింది నోరు.

మెయిన్ ఆపినా
పోయిందనుకున్న డబ్బా కూడా
గుక్కెడు కరెంటు దాచుకుంటుందని
బంగారినాయుడికి ఎవరు చెప్పాలి?
ఆరోజు దాంట్లో ఉన్నది
మనిషిని చంపేంత కాదట.
ఉలిక్కిపడేంత.

ఉలిక్కిపడ్డాడు.
మూడో అంతస్తు కిటికీ బయట
రెండు జానల సజ్జా మీద.

కిందవాళ్ళ రేకుల షెడ్డు ఆపింది.
తుంటి ఎముక, రెండు పక్కటెముకలు.
కేజీహెచ్ మంచం మీంచి నన్ను చూసి లేవబోయాడు.
"మీరు చెప్పింది కరెక్టే గురూగారూ.
వేరే ఆయనొచ్చి అదే మార్చాడు,
ఇప్పుడు ఇల్లు చల్లగా ఉంటంది."
బత్తాయిల సంచి మంచం కిందకు తోసి
ఏమనాలో తెలీక
సెలైన్ చుక్కలు లెక్కపెట్టాను.

వాళ్ళావిడ మెట్ల దాకా వచ్చింది.
"ఈయనకు సైకిల్ చైను వెయ్యడం కూడా రాదండీ" అంది.
అంతే అంది.

ఫోన్లు ఆగవు.
నిన్న గోపాలపట్నం నుంచి ఒకావిడ,
గీజరు కింద కుళాయి ముట్టుకుంటే జిల్లుమంటోందని.
"ఎక్కడ నిల్చున్నారమ్మా?"
"బాత్రూంలోనే."
"కాళ్ళకు చెప్పులున్నాయా?"
కాసేపు నీళ్ళ చప్పుడు తప్ప జవాబు లేదు.
"బయటికి రండి. ఏదీ ముట్టుకోకండి. నేనొస్తున్నా."
"అదేటో చెబితే మా గుంటడు చేసెయ్యడా?
టీవీ విప్పి మళ్ళీ బిగించాడు వాడు."

అదేమిటో నాకు తెలుసు.
నాలుక చివర్నే ఉంది, మూడు ముక్కలు.
"తెలీదమ్మా, చూడాలి" అన్నాను.
అబద్ధం చెప్పి, బండి తీసి,
ఆ పిల్లాడు ఈలోగా ఇంకెవర్నో అడుగుతాడేమో,
ఇంకెవరో నాలాగే నవ్వుతూ చెబుతాడేమో అనుకుంటూ
ఎన్ఏడీ సిగ్నల్ దగ్గర ఎండలో ఆగినప్పుడు
గుర్తొచ్చింది:
బయటికి రమ్మన్నాను గానీ
మెయిన్ ఆపమనలేదు.

అవతల ఫోను మోగుతోంది.
వెనక బస్సు హారను కొడుతోంది.
మోగుతూనే ఉంది.