సన్నెముక

దవడల గడ్డ క్యాన్సర్ గాదన్నరు,
గని మెల్లమెల్లగ ఎముకను తింటదన్నరు.
ఎక్స్‌రే కిటికీకి పెట్టి చూపెడితే
కుడి పక్కంత
పురుగు కొట్టిన దుప్పటి తీర్గున్నది.

డాక్టరమ్మ పిక్క మీద చెయ్యి వెట్టింది:
"ఇండ్ల రెండెముకలుంటయి.
లావుది బరువు మోస్తది, సన్నది తోడుంటది.
ఆ తోడుదాన్ని తీస్కుంట."
నేనన్న: కాళ్లతోనే బతుకమ్మా మాది,
ముప్పై ఏండ్ల సంది కొత్తవాడల
గుంతల గూసోని పలకలు తొక్కుతడు.
ఆమె చేతుల నీలం పెన్ను ఆగింది.
"మరి ఏ కాలు?"
ఆయన రెండిటినీ చూసుకొని
ఎడమది ముందుకు జరిపిండు,
అంగట్ల బేరం కుదిరినట్టు.

పొద్దుగాల ఎనిమిదికి పోయినోడు
చీకటి పడ్డంక వచ్చిండు, మొగం గుమ్మడికాయై.
సన్నెముకను మూడు తునకలు జేసి
దవడ వంపుకు పేర్చిన్రట,
రేకు వెట్టి మరలు బిగించిన్రట.

"ఆడెపు ఓదెలు మనిషి ఎవరు?"
గంట గంటకు నర్సు వచ్చి
చెంపకు చిన్న మిషన్ ఆనిచ్చేది.
షు... షు... షు...
నెత్తురు పారుతున్నదంటే ఆ సప్పుడు.
నాకు నాడె ఉరికినట్టే వినవడేది.
మూడో రాత్రి ఆగిపోయింది.
ఆ పిల్ల మిషన్‌ను గింతంత జరిపింది,
మళ్ల దొరికింది.
ఆ గింతంతల నేను మొక్కిన మొక్కులు
ఇంకా తీరుస్తనే ఉన్న.

మూడు నెలలకు నోరు తెరిచి "సూడు" అన్నడు.
లోపట, పండ్లుండే జాగల,
నల్లగ నాలుగెంటికలు!
కాలి తోలు గదా,
అది నోరని దానికెవరు జెప్పిన్రు?
మా చిన్నది నవ్వి నవ్వి కింద వడ్డది.
ఇగ ఐతారం ఐతారం
వాకిట్ల ఎండకు కూసోవెట్టి
పోగులు ఏరే చిమటతోనే పీకుత.
నొస్తలేదంటడు.
రాత్రి కాలు గుంజితే మాత్రం
నిద్రల చెంప వట్టుకుంటడు.

ఇప్పుడు మగ్గం కాడ ఎడమ కాలు
ఒక్క పిసరు ఆలిశం.
జంపఖాన అంచుల, మూరకొక్క కాడ,
పేక వదులైతది.
సొసైటీల సదానందం వేలు వెట్టి చూసి
యాభై కోసిండు.
ఈయన ఏమనలే.
ఇంటికొచ్చి సర్వపిండి అడిగిండు,
మెత్తటి నడిమి ముక్క గాదు,
మాడిన అంచు.

ఎడమ పండ్లతోని, మొగం వంకర వెట్టి,
కరకర.
రెండేండ్లకు విన్న ఆ సప్పుడు.
పెనం గీకుకుంట నేను
ఇంకో అంచు ఇరిచి పెట్టిన.