ఆకురాయి లేని పని

ఎముకలు కొరికే చలి అంటారు.
నా ఎముకను అది కొరకలేదు, విరిచింది.
మార్చి చివర, ద్వినా నది ఇంకా గడ్డకట్టే ఉంది.
అవతలి ఒడ్డు దుకాణంలో పిండి కొందామని బయల్దేరి
పిండికట్టుతో ఇంటికొచ్చాను.
కుడి మణికట్టు. చెక్కే చెయ్యి.

ఆ పటుక్కుమన్న చప్పుడు నాకు కొత్త కాదు.
యాభై రెండేళ్ళుగా ఎముకతోనే నా కాపురం.
ఆవు కాలిని సోడా నీళ్ళలో ఉడికించి,
కొవ్వు దిగేదాకా మళ్ళీ ఉడికించి,
పొయ్యి వెనక ఆరబెట్టి,
రెండు కొసల గుబ్బలూ కోసి కుక్కకు పడేసి,
నడిమి గొట్టాన్ని చీల్చి
దువ్వెనలు చేశాను, నగలపెట్టెలు చేశాను.
కనురెప్పల మీద ఎప్పుడూ తెల్లటి పొడి.
ఖల్మగోరిలో ఎముక గురించి
నాకు చెప్పేవాళ్ళెవరు?

ఆసుపత్రిలో గ్లేబ్ సవేల్యెవిచ్,
నా మనవడి ఈడు డాక్టరు,
నల్ల ఫిల్మును కిటికీ వెలుగుకు పెట్టి
"మీరు కుక్కకు పడేసే గుబ్బల్లోనే
అసలు సంసారం ఉంది, ఉస్తీన్యా ప్రకోప్యెవ్నా" అన్నాడు.
గుల్ల అనుకునేదాన్ని. గుల్ల కాదట.
బరువు ఎటు నుంచి దిగుతుందో అటు వాలి నిలిచిన
సన్నటి దూలాలట.
తుంటిలో, వెన్నులో అయితే
ఆ సందుల్లోనే నెత్తురు పుడుతుందట.

గట్టి గోడ సంగతి నాకు తెలుసు. భూతద్దంలో చూశాను:
సూదిమొనంత చుక్క, చుట్టూ వలయాలు,
నరికిన దేవదారు మొద్దులో లాగా.
ఆ చుక్క కాలువ అని మాత్రం ఎన్నడూ తట్టలేదు.
నా బల్ల మీదికి వచ్చేసరికి
అన్నీ ఎండిపోయినవే.

రాత్రుళ్ళు కట్టు కింద దురద.
లోపల ఎవరో పనిలో ఉన్నారు.
మొదట నెత్తురు గడ్డ, దానిలో జిగురు, జిగురులో సున్నం.
కొందరు పుల్లటి నీళ్ళు పోసి పాత గోడ కరిగిస్తారు,
వెనకే మేస్త్రీలు వచ్చి కొత్త వరస పేరుస్తారు.
ఆ మేస్త్రీల్లో కొందరు
తాము కట్టిన గోడలోనే ఉండిపోతారట.
బయటికి రారు. చావరు కూడా.
వెంట్రుకల్లాంటి చేతులు సున్నంలోంచి చాపి
పక్కవాణ్ణి తాకుతూ,
బరువు పడిందా, బరువు పడిందా అని
చెవి ఒగ్గి కూర్చుంటారట.
ఇది విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

పెలగేయా నా దగ్గర పని నేర్చుకునే పిల్ల. పద్నాలుగేళ్ళు.
ఈ చలికాలంలో నాలుగు వేళ్ళ ఎత్తు పెరిగింది,
పిక్కలు లాగుతున్నాయని గొణుగుతుంది.
నిరుడు సైకిల్ మీంచి పడినప్పటి దాని ఫిల్ము చూపించింది.
మణికట్టు దగ్గర ఎముక తెగినట్టు నల్లటి గీత!
నా గుండె ఝల్లుమంది.
విరగలేదు, అక్కణ్ణుంచే పెరుగుతోందన్నాడు గ్లేబ్.
నాకా గీత ఎప్పుడు మూసుకుపోయిందో.
ఆ రోజు ఏం చేస్తున్నానో.
ఏదో ఆవు ఎముక గీకుతూ ఉండుంటాను.

నాలుగో వారం ఫిల్ములో, విరిగినచోట పొగమంచు.
ఆ తర్వాత ఒక బుడిపె. మొరటు పని.
నా శిష్యులెవరైనా చేసుంటే మొట్టికాయ వేసేదాన్ని.
"ఉండనీయండి, ఏడాదో రెండేళ్ళో,
అదే నునుపు చేసుకుంటుంది" అన్నాడు.
ఆకురాయి లేకుండా?
నిజం చెప్పొద్దూ, అసూయ పుట్టింది.

మే నెలలో నది పగిలింది. నా కట్టు విప్పారు.
సన్నబడ్డ చెయ్యి, పొట్టు రాలే చర్మం.
పాలు తాగమన్నారు, బరువులెత్తమన్నారు,
పని చెప్పకపోతే ఎముకా పలచబడుతుందట.
సగంలో ఆగిన దువ్వెన తీశాను.
ఎముక లేని చెయ్యి అని దాతల్ని పొగుడుతారు,
ఆ పూట నాదీ అలాగే ఉంది, ఇవ్వడానికేమీ లేకుండా.
మూడో పన్ను దగ్గర ఉలి జారింది.

"గీకేయనా?" అంది పెలగేయా, ఆకురాయి అందుకుని.
వద్దన్నాను.
చెయ్యి ఎలాగూ మరిచిపోతుందట,
దువ్వెనకైనా గుర్తుండనీ.