సలహాల పెట్టె

ఏటుకూరు రోడ్డులో మా మిర్చి ఎగుమతి షెడ్డు.
నేనక్కడ క్వాలిటీ మేనేజర్ని.
మెట్లెక్కితే ఏసీ గది, గాజు తలుపు,
చెప్పులు బయట విడవమని ఒక కాగితం.
కింద ఎనభై మంది ఆడవాళ్లు
ముక్కుకి కొంగు బిగించి తొడిమలు తీస్తుంటారు.
పైవాళ్లకి తుమ్ములు రావు, కిందవాళ్లకి ఆగవు.
దీన్నే మేం బాణాలు గీసి
చార్టుగా గోడకి తగిలించాం.

హైదరాబాదు నుంచి కన్సల్టెంటు వచ్చాడు.
రెండు రోజులుండి, గోంగూర మెచ్చుకుని,
"అందరి గొంతూ వినాలి" అన్నాడు.
అందుకని ఒక నీలం రేకు పెట్టె కొన్నాం.
"మీ ఆలోచనే మా బలం" అని నేనే రాశాను.
తాళం వేశాం. చెవి నా సొరుగులో.
పెన్నుకి దారం కట్టి వేలాడదీశాం,
ఎవరూ ఎత్తుకుపోకుండా.

ఆ ఎనభై మందిలో రాయడం వచ్చినవాళ్లు
పదకొండు మందని అప్పుడు తెలియదు.
అడగలేదు కాబట్టి.

మాఘం పోయింది, ఫాల్గుణం పోయింది.
యార్డు నుంచి టిక్కీలు వస్తూనే ఉన్నాయి.
రంగు చూసి వేరుచేసే మెషిన్ తెచ్చాం,
రెప్పపాటులో తాలుకాయని పట్టేస్తుంది.
పసుపు పూసి, కొబ్బరికాయ కొట్టి, దాంతో ఫోటో దిగాం.

చైత్రంలో ఓడెక్కిన సరుకు
ఆషాఢంలో వెనక్కొచ్చింది.
పైకి ఎర్రగా, నిగనిగలాడుతూ,
మెషిన్ మెచ్చేట్టే ఉంది.
లోపల బూజు.

రైతుదే తప్పన్నారు. లారీదన్నారు. ఓడదన్నారు.
కాలిక్యులేటర్ కోసం సొరుగు గాలిస్తుంటే
తాళంచెవి దొరికింది.

కాగితం ఒక్కటీ లేదు పెట్టెలో.
మిరపకాయలు.
మూడేసి కాయలు, పురికొసతో ముడివేసి.
లెక్కపెడితే ఇరవై ఆరు కట్టలు.
కట్టకో కాయ నిలువునా చీరి ఉంది,
చీలికలో బూడిదరంగు.
ముడి ముడికీ ఒక ఆకుపచ్చ పీలిక,
మూడో గేటు సంచులకి మేం కట్టే గుర్తు.

ఇరవై ఆరు ఉత్తరాలు.
చదువు రానిది నాకు.

కిందికి దిగి అడిగాను, ఎవరు వేశారని.
చేతులాగాయి. మేస్త్రీ దగ్గాడు.
కాసేపటికి ఖాసింబీ, తల ఎత్తకుండానే,
ఒక కాయని చెవి దగ్గర ఆడించింది.
"ఎండిన కాయ మాట్లాడుద్దండీ, గింజలు గలగలమంటయ్యి.
చెమ్మ కాయ మూగది.
మీ గది ఏసీ నీళ్లు
మూడో గేటు సంచుల మీద పడతన్నయ్యి.
మేస్త్రీకి చెప్పా, నీ పని చూసుకోమన్నాడు.
పెట్టెలో వేస్తే పైకి పోద్దన్నారుగా?"

అన్నాం.
మా చల్లదనమే బొట్టు బొట్టుగా
ఆరునెలలు కిందికి కారింది.

గొట్టం మార్చడానికి అరగంట,
నూట నలభై రూపాయలు.

ఆ సోమవారం నుంచి మీటింగు కిందే,
తొడిమల కుప్పల పక్కన.
మొదటిరోజు ఓనరు గారు నోరు తెరిచి
ఒక్క మాటా అనలేకపోయారు, తుమ్ములే తుమ్ములు.
ఎగ్జాస్ట్ ఫ్యాన్లు అదే వారం వచ్చాయి.
నాలుగేళ్ల నాటి ఫైలది.

తర్వాత బెజవాడలో అవార్డన్నారు,
బందరు రోడ్డు హోటల్లో, అందరినీ కలుపుకుపోయే సంస్థకి.
ఖాసింబీని రమ్మన్నాను.
"ఆ రోజు కూలి కోస్తారా?" అంది.
వేదిక మీద చదవాల్సిన నా పన్నెండు పేజీల్లో
ఈ ప్రశ్న లేదు.
మస్టర్ తెచ్చి, ఆమె ఎదుటే,
ఆ తారీకు గడిలో "హాజరు" అని రాశాను.
చదివి వినిపించమంది. వినిపించాను.

ఇప్పుడు పెట్టెకి తాళం లేదు.
నిన్న సాయంత్రం చూస్తే లోపల
ఒక పచ్చిమిరపకాయ, ఒక పసిపిల్ల గాజు,
రెండూ ఒకే దారానికి.

అర్థమైందనే అనిపిస్తోంది.
అయినా
దిగి వెళ్లి అడగాలి.