బిళ్ళ నంబరు రెండొందల పద్నాలుగు

లోపల ఆయన పాదుకలకి వెండి తొడుగు.
బయట, రేకుల పాక కింద,
ఊరూరి కాళ్ళు విడిచిన జతలకి నేను.

పాదాలరేవులో నా ఉద్యోగం ఇదే.
జతకి రెండు రూపాయలు.
రేకు బిళ్ళ ఒకటి మనిషి చేతికి,
దాని కవల చెప్పు వేలికి.

ఇసుకస్వామి ఎప్పుడూ చెప్పులు తొడగలేదు.
వశిష్ఠ ఎండిపోయిన రోహిణి కార్తెలో
తిన్నెలు దాటొచ్చి, అరికాళ్ళు పంటువాడికి చూపించి
"చల్లగానే ఉందిరా" అన్నాడంట.
చూడలేక మా పేటలో ఒకాయన
తోలుజత కుట్టిచ్చాడు.
స్వామి వాటిని పదకొండేళ్ళు చంకలో పెట్టుకు తిరిగాడు.
తొడుక్కోవేం అంటే
"కుట్టినోడి చేతులు ఇంకా ఇందులోనే ఉన్నాయి,
తొక్కమంటావా" అన్నాడంట.

గుడి దగ్గర అమ్మే పుస్తకంలో
"ఒక భక్తుడు సమర్పించెను" అని ఉంటుంది.
ఆ ఒక భక్తుడు మా మామగారి తాత.
మామ ఏనాడూ గుమ్మం దాటి లోపలికి పోలేదు.
"మన చేతులు వెళ్ళాయి కదే, చాల్లే" అనేవాడు.
అది కోపమో, భక్తో,
ఆయన పోయి తొమ్మిదేళ్ళైనా తేల్చుకోలేకపోయాను.

గురువారాలు పాలకొల్లు బస్సులు దిగుతాయి.
మొహాలు నాకు గుర్తుండవు.
కుడిమడమే అరిగినాయన,
పట్టీకి పులసపొలుసు అంటుకున్నామె,
పారాణి ఆరకుండానే వచ్చిన పిల్ల, వీళ్ళు గుర్తుంటారు.

ఆ ఏడు గురుపున్నమికి
నీలం హవాయి జత ఒకటి మిగిలిపోయింది.
ఎడమ పట్టీ తెగితే పిన్నీసు పెట్టుకుంది మహాతల్లి.
రెండొందల పద్నాలుగు.
ఆఖరి బస్సు పోయేదాకా కూచున్నాను.
ఆఖరి పంటు కూడా అవతలి ఒడ్డున కట్టేశారు.
కొత్తవి కొనుక్కునుంటుందిలే, పారెయ్ అన్నాడు వాచ్‌మన్ గంగరాజు.
పిన్నీసు పెట్టుకున్న మనిషి కొత్తవి కొంటుందా?
మేకుకి తగిలించాను.

శ్రావణంలో ధవళేశ్వరం దగ్గర మూడో హెచ్చరిక ఎగరేశారు.
రాత్రికి ఎర్రనీరు పాకలోకి వచ్చింది,
విడిచే చెప్పులు లేని ఒకే ఒక భక్తురాలు.
మూడు గోనెల్లో జతలన్నీ కుక్కి
సత్రం మేడ మెట్లెక్కేసరికి
పైగదిలో చయనులుగారు,
పట్టుగుడ్డలో పాదుకలు నెత్తిన పెట్టుకుని.
ఆయన నా గోనెల వంక చూశాడు.
నా వంక చూశాడు.
ఏడో మెట్టు మీది నీళ్ళ వంక చూశాడు.
"లోపల పెట్టు, నూకరత్నం."

ఉన్నది ఒకటే గది, ఒకటే లాంతరు.
ఆయనకి ఈత రాదు. రెండు రాత్రులూ
గోడలు కూలిన చప్పుడల్లా లెక్కపెట్టాడు.
రెండో రాత్రి మూట విప్పితే
వెండి కింద చెమ్మ దిగింది.
తొడుగు తీస్తుంటే ఆయన వేళ్ళు వణికాయి.
నల్లగా, ముడుచుకుపోయి,
పురిటిబిడ్డంత తోలు.
"దీన్నేం చెయ్యాలి?" అన్నాడు,
మంత్రాలు తెలిసినాయన, నన్ను.

లాంతర్లో పోయగా మిగిలిన కొబ్బరినూనె వేడిచేసి
బొటనవేలితో మెల్లిగా రాశాను.
అంచు చివర నా వేలు ఆగింది.
ఆఖరి ముడి ఎడమకి తిప్పి ఉంది.
ఊళ్ళో అందరూ కుడికి తిప్పుతారు.
మా ఇంట్లోనే ఎడమకి.
నేనేం చెప్పలేదు.
ఆయనా అడగలేదు.
లాంతరు మాత్రం కాస్త నా వైపు జరిపాడు.

నీరు తీసింది. బురద మిగిలింది.
సంప్రోక్షణ చేశారు, తొమ్మిది బిందెల పసుపునీళ్ళు.
నేను గుమ్మం బయటే ఉన్నాను,
జతలు ఎండేస్తూ.
ఆ నీళ్ళు దేన్ని కడిగాయో నాకెవరూ చెప్పలేదు.
తీర్థం ఇచ్చేప్పుడు చయనులుగారు తల దించుకున్నాడు.

మొన్న గురువారం గిరాకీ లేక
నీలం జత మేకు మీంచి దించాను.
పిన్నీసు తీసి, దబ్బనంతో కుట్టాను.
ముడి ఎటు తిప్పానో మీకు తెలుసు.

ఆమె వస్తే బిళ్ళ అడగను.
రెండు రూపాయలు బాకీ ఉంది,
అది మాత్రం అడుగుతాను.