మడతలో రెండు గంటలు

ఫోను అంటుంది:
పదకొండు కిలోమీటర్లు,
ఎక్కుడు ఎనిమిది వందల మీటర్లు,
నాలుగు గంటల పది నిమిషాలు.

ఆ పది దగ్గరే నాకు అనుమానం.
నాలుగని ఊరుకుంటే నమ్మేదాన్ని.

ఎతేరి తెరని నమ్మదు.
జుగ్దిదిలో ముప్పై ఏళ్ళు గౌన్లు కుట్టిన మనిషి,
సంచిలోంచి ఎర్రదారం తీసి, తడిపి
దారి వంకరల వెంట పరిచింది,
ఒక్కో మెలికనీ గోటితో నొక్కుతూ.
తడిదారాన్ని వేలనుకుని
పటం పక్క లోయలోకి జారిపోయింది.
తిట్టి, మళ్ళీ పరిచింది.

"ఎదిగే పిల్లకి కుడితే
అంచులో నాలుగు వేళ్ళ గుడ్డ లోపలికి మడుస్తాం.
దీన్లో మడత ఏదీ?"

వెతికాను. లేదు.
నిదానం, మధ్యస్థం, వేగం
అని మూడు మీటలు మాత్రం ఉన్నాయి.
ఆ మధ్యస్థం మనిషిని ఊహించుకున్నాను.
అతని బూటులో రాయి పడదు.
చాటుకి వెళ్ళే పని ఉండదు.
వెనక్కి తిరిగి చూడడు, చూసినా నిలబడడు.
పాపం, ఆకలి కూడా వేయదు.

పొద్దు బారెడెక్కక ముందే బయల్దేరాం.
మొదటి గంట ఫోను చెప్పినట్టే నడిచాం,
మాకే సిగ్గేసేంత కచ్చితంగా.

తర్వాత ఏరు.
తెరమీద సన్నటి నీలం గీత,
దాటడానికి సున్నా నిమిషాలు.
స్వానేతి మంచు కరిగి వచ్చే నీళ్ళు
పొద్దున మోకాలిలోతు,
ఎండ ముదిరితే గుర్రం రొమ్ము దాకా.

గుర్రం అవతలి గట్టున ఉంది,
ముందువాళ్ళని దించి గడ్డి మరిగింది.
దాని జీను తలకింద పెట్టుకుని
బెఖాన్ మేనల్లుడు నిద్రపోతున్నాడు.
"ఎంతసేపు?" అంటే బెఖాన్
"ఇది అయిపోనీ" అన్నాడు, సిగరెట్టు చూపించి.
అది కాలిపోయింది. ఇంకోటి వెలిగింది.
కూతవేటు దూరమే.
కూత వినే ఉద్దేశం గుర్రానికీ లేదు,
మేనల్లుడికీ లేదు.

ఎక్కుడులో ఎతేరి ఆగలేదు, నేనే ఆగాను.
కనుమ మీద ఆమె దారం రెండు చేతులా పట్టి
ఎదుటి శిఖరం అంచుకి సరిచూసింది.
ఒక కన్ను మూసి, పెదాల మధ్య
లేని గుండుసూదులు పట్టుకున్నట్టు.
గాలి దారాన్ని లాగేస్తోంది.
"ఇంకో బారెడు తేవాల్సింది," అంది.
ఇరవై నిమిషాలు.
ఫోను మాత్రం చేరే వేళని
చడీచప్పుడు లేకుండా వెనక్కి జరుపుకుంటూ పోయింది,
అప్పు వాయిదా అడగడం అలవాటైన వాడిలా.

దిగుడు తేలికని దాని లెక్క.
కోసి కుట్టిన మోకాలికి దిగుడే పగ.
ఎతేరి పక్కకి తిరిగి, కర్ర పాతి,
ఒక కాలు, ఆగి, రెండో కాలు.
ఒక చీమల బారు మమ్మల్ని దాటిపోయింది.
అతిశయం కాదు. పక్కకి జరిగి దారిచ్చాం.

చివరి మలుపులో దీపం కనిపించింది.
గుమ్మంలో పిరిమ్జే మమ్మల్ని చూసి
పలకరించకుండా లోపలికి పోయింది.
మేం అరుగెక్కేసరికి
మాంసం రొట్టె పెనం మీంచి దిగుతోంది.
ఆ మలుపు నుంచి గుమ్మానికి
ఆమె లెక్కలో ఒక రొట్టె దూరం.
నిమిషం తేడా రాలేదు.

ఆరు గంటల పదిహేను.
ఫోను అడిగింది: మీ నడకని మాకిస్తారా,
అంచనాలు మెరుగుపరుచుకుంటాం.
ఇచ్చాను.
వేల కాళ్ళ మధ్య మా ఆలస్యాన్ని పంచితే
తలా అర సెకను వస్తుందేమో.
వచ్చే వేసవిలో ఎవరో ముక్కూమొహం తెలియనివాడు
ఆ అర సెకను జేబులో పెట్టుకుని నడుస్తాడు.
అందులో ఒక గుర్రం మేస్తోందనీ
ఒక దర్జీ శిఖరానికి కొలత తీస్తోందనీ
వాడికి తెలియదు.

వేడినీళ్ళ బకెట్లో కాళ్ళు పెట్టి
ఎతేరి కూర్చునే నిద్రపోయింది.
పొయ్యి పక్క మేకుకి ఎర్రదారం ఆరుతోంది,
కొంచెం కురచవుతూ.