టక్

మా బాపు దమ్మాంల ఉన్నప్పుడు
ఆర్నెల్లకో క్యాసెట్ పంపేటోడు,
కోరుట్లకు సెలవు మీద అచ్చేటోళ్ల సూట్‌కేసుల,
టైగర్ బామ్ సీసాల నడుమ.
ఒక దిక్కు అమ్మకు, ఇంకో దిక్కు మా అందరికి.
"మోటర్ బాగు చేయించుండ్రి.
పిలగాండ్లను బడి ఎగ్గొట్టనియ్యకు.
నాకిక్కడ మంచిగనే..."
టక్.
మళ్ల షురువైతే గొంతు గట్టిగుండేది,
ఎనుక ఎక్కడనో బాంగు సగంల ఉండేది.
మిషిన్ తప్పనుకున్న నేను.
అమ్మ అనుకోలేదు.
ఆ జాగకు రాంగనే కొంగు నోట్లె పెట్టుకునేది.

నేనచ్చి పద్దెనిమిదేండ్లు.
షార్జా, సజ్జా క్యాంపు, పైమంచం.
షట్టరింగు చెక్క పడి మడిమె పగిలిన రాత్రి
ఫోన్ల ఆమె మొకం చూస్తుంటె
గొంతుల ఏదో అడ్డం పడ్డది.
"నెట్‌వర్క్ మంచిగ లేదు, రేపు చేస్త"
అని ఎర్ర గుండీ వత్తిన.
నాలుగు గీతలు నిండుగున్నయి.
బాపు నుంచి నాకచ్చింది
ఇరవై గుంటల చెల్క,
గుండీ వత్తే ఈ బొటనవేలు.

మొన్న మా పెద్దోడు అచ్చిండు, సృజన్.
బండి మీద తిండి మోసే కొలువు.
చెవికి పోగు. నేనేమనలేదు.
అంటె, రెండుసార్లే అన్న.

ఆయితారం నా రూముకచ్చి
కింది మంచం మీద కూసోని అమ్మకు వీడియో చేసిండు.
"హెల్మెట్ల తల ఉడుకుతున్నదే.
నిన్న నా ముంగటనే మా దోస్తు బండి జారింది.
నాకు భయమైతున్నదమ్మా"
అని ఏడ్చిండు.
ఏడుగురు మొగోళ్ల నడుమ, ట్యూబ్‌లైట్ కింద,
ముక్కు చీదుకుంట.

కూరకని ఉల్లిగడ్డ పట్టుకోని నిలవడ్డ నేను.
నా బొటనవేలు గాలిల గుండీ దేవులాడింది.
వాని తరఫున "నెట్‌వర్క్..." అనబోయిన.
పెషావర్ డ్రైవర్ జర్వలీ తస్బీ ఆపి
మాట లేకుండ దస్తీ ఇచ్చిండు.
ఒడియా మేస్త్రి చాయ పెట్టిండు,
చక్కెర జర ఎక్కువనే ఏసిండు.
ఎవడూ నవ్వలేదు.
పద్దెనిమిదేండ్లు నేను భయపడ్డ నవ్వు
ఆ రూముల అసలు లేనే లేదు.

"మీ నాయినేడిరా?" అన్నదామె.
వాడు ఫోన్ నా దిక్కు తిప్పిండు.
"కండ్లెందుకట్ల ఎర్రగున్నయి?"
"ఉల్లిగడ్డ" అన్న.

దానికింక పొట్టు గూడ తియ్యలేదు.
వాడు చూసిండు.
ఫోన్ మాత్రం పక్కకు జరపలేదు.